తప్పుల టీచరు

యూనివర్సిటీలో బొమ్మలు నేర్పే పని యంత్రం చేతికి పోయాక కూడా, క్లాసులో తప్పు గీసి చూపడానికి ఒక మనిషి కావాల్సివచ్చింది. యంత్రానికి తప్పు గీయడం చేతకాదు మరి. చిత్రకళలో ఎం.ఎఫ్.ఏ. చేసి బంగారు పతకం పుచ్చుకున్న నూకరత్నానికి దొరికిన కొలువు అదే. అదీ పదకొండేళ్లుగా తాత్కాలికం. ఆమె కావాలని వంకరగా గీస్తుంది, యంత్రం ఎర్ర గీతతో దిద్దుతుంది, పిల్లలు నవ్వుతారు.

ఈ ఏడు పర్మనెంటు పోస్టు పడింది. ఇంటర్వ్యూలో డీన్ పరదేశి గారు, "మీకు నచ్చింది వెయ్యండమ్మా" అన్నారు. పదకొండేళ్లలో ఆ మాట అన్నవాళ్లు లేరు. నూకరత్నం బొగ్గుముక్క అందుకుని, చేపలు కోసే తల్లి చేతుల్ని ప్రాణం పెట్టి వేసింది. ఎప్పుడో కత్తిపీటకు తెగి వంకరపోయిన చిటికెనవేలుతో సహా.

యంత్రం ఆ వేలును ఎర్ర గీతతో తిన్నగా దిద్దేసింది.

"అబ్బ! ఎక్కడా నటనే లేదు," అన్నారు పరదేశి గారు మురిసిపోతూ. "ఇంత సహజంగా తప్పు వేసేవాళ్లు మాకెక్కడ దొరుకుతారమ్మా? పోస్టు మీదే."

ఇంటికొచ్చాక తల్లి అన్నం వడ్డిస్తూ అడిగింది, "ఉజ్జోగం వచ్చిందేటే?"

"వచ్చిందమ్మా. పర్మనెంటు."

"నా తల్లే! ఏం బొమ్మేసినావే?"

కంచం మీదికి వంగిన ఆ వంకరవేలు కేసి చూడలేక నూకరత్నం తల దించుకుంది.

"ఏదోలేవే అమ్మా. తప్పుల బొమ్మ."