చుట్టాల మైకు

"అక్కకి కూడా ఓ మైకు పెట్టవయ్యా," అన్నాడు పాటగాడు ఉరుము.

సౌండ్ ఇంజినీరు తలెత్తి చూశాడు. పక్కన బొద్దుగా ఓ పెద్దావిడ. చేతిలో గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న ఫ్లాస్కు.

"మీ సొంత అక్కగారా సార్?"

"అక్కంటే అక్కే," అని నవ్వేశాడాయన.

ఉరుమంటే మాటలా! రాక్ పాటలతో ఓ తరం చెవులకి చిల్లులు పెట్టినవాడు. ఆయన మొదటి ఆల్బంలో, మొదటి పాటలో ఓ పొడుగాటి కేక ఉంది. ఆ కేక వినే ఇంజినీరు చదువు గాలికొదిలేసి ఈ పనిలోకి వచ్చాడు. చిత్రమేంటంటే, స్టేజీ మీద ఉరుము ఆ కేక ఎప్పుడూ వెయ్యడు. ఆ చోటు రాగానే మైకు జనం వైపు తిప్పేస్తాడు. జనమే వెర్రెత్తి కేకలేస్తారు.

అబ్బ, ఏం స్టైలు అనుకునేవాళ్ళు అందరూ.

అలాంటి మనిషి ఈ వయసులో మోతలన్నీ మానేసి, గుండె లోతుల్లోంచి వచ్చే మెత్తటి సోల్ పాటలు పాడతానని వచ్చాడు. పైగా వెంట ఓ అక్క!

స్టూడియోవాళ్ళ దగ్గర ఓ పాత చిట్కా ఉంది. డబ్బు పెట్టినాయన బావమరిదో, పాటగాడి మేనత్తో తామూ పాడతామని ముచ్చటపడితే కాదనరు. అద్దాల గదిలో కూర్చోబెట్టి మైకు పెడతారు. వాళ్ళ గొంతు పాటగాడి హెడ్‌ఫోన్లలో వినిపిస్తుంది. రికార్డు మాత్రం చెయ్యరు. పాపం, వాళ్ళు మురిసిపోతూ ఇంటికెళ్తారు.

దాన్ని చుట్టాల మైకు అంటారు.

పెద్దావిడకి ఇంజినీరు అదే పెట్టాడు. తన స్పీకర్లో ఆవిడ గొంతు పూర్తిగా తగ్గించేశాడు కూడా. ఒక్క ముక్కయినా వినలేదు మహానుభావుడు.

"బాబూ, నాది సరిగ్గా వస్తోందా?"

"బ్రహ్మాండంగా వస్తోంది పెద్దమ్మా!"

ఉరుము ఒక్కో లైను పాడి ఆగేవాడు. అద్దం అవతల ఆవిడ వైపు చూసేవాడు. మళ్ళీ మెల్లగా అందుకునేవాడు.

ఊపిరి అందట్లేదు కాబోలు అనుకున్నాడు ఇంజినీరు.

ఆల్బం బయటికొచ్చింది.

"ఈ వయసుకి తగ్గ పాటలు," అని కొందరు మెచ్చుకున్నారు.

"ఇది ఉరుమేంటి, తుంపర!" అని అభిమానులు తిట్టిపోశారు.

"వినడానికి బాగానే ఉంది," అని రాశాడో పత్రికాయన. "కానీ ఎవరికో దారిచ్చి తను పక్కన నిలబడ్డట్టు పాడాడు. ఎందుకో అర్థం కాలేదు."

కొన్నాళ్ళకి పెద్దావిడ ఒక్కతే స్టూడియోకి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కుర్చీలో కూర్చుంది.

"బాబూ, ఏమీ అనుకోకు. అందులో నా గొంతు ఎక్కడుంది?"

ఇంజినీరు వైర్లు సర్దుతూ అన్నాడు.

"ఉంది పెద్దమ్మా. బాగా కింద ఉంటుంది. జాగ్రత్తగా వింటే..."

ఆవిడ అతని మొహంలోకి కాసేపు చూసింది. అర్థమైపోయింది ఆవిడకి.

"పోన్లే. మావాడికి మాత్రం చెప్పకు. పాడేసిన పాట వాడు మళ్ళీ వినడు. తెలిస్తే తట్టుకోలేడు."

సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆవిణ్ణి అతను చూడటం అదే ఆఖరు.

ఓ పొద్దున ఉరుము వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్క పోయిందయ్యా. నిద్రలోనే."

ఇంజినీరు కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోబెట్టాడు.

"ఆ పాటలు ఓసారి వినాలనుంది. నా గొంతు వద్దు. అక్క గొంతొక్కటే పెట్టు."



"సార్... అసలు... ఆ రోజు..."

"తర్వాత చెబుదువుగాని. ముందు పెట్టు."

ఉరుము హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఏళ్ళ తరబడి స్టేజీ స్పీకర్ల ముందు నిలబడి ఆయన చెవులు ఎప్పుడో సగం దెబ్బతిన్నాయి.

ఏమీ లేని ట్రాకు తెరిచి, మీట నొక్కాడు ఇంజినీరు.

"రావట్లేదే. పెంచు."

పెంచాడు.

"ఇంకా."

ఇంకా పెంచాడు. లేని గొంతుని ఎంత పెంచితే మాత్రం ఏం లాభం!

ఉరుము కళ్ళు తెరిచాడు. నీళ్ళు బొటబొటా రాలాయి.

"నా చెవులు పూర్తిగా పోయినట్టున్నాయయ్యా. ఆఖరికి అక్క గొంతు కూడా వినే రాత లేదు."

మీ చెవులది కాదు సార్, తప్పు నాది అని కాళ్ళ మీద పడాలనిపించింది ఇంజినీరుకి. పడితే మాత్రం ఆ గొంతు వస్తుందా?

ఉరుము హెడ్‌ఫోన్లు తీసి, ఓపిగ్గా అతని చెవులకి పెట్టాడు.

"పోనీ, నువ్వు విని చెప్పు. అవన్నీ అక్క పాటలయ్యా. నేను వెనక వంత పాడానంతే. ఎలా ఉంది? గొంతులో ఆ పదును అలాగే ఉందా?"

చెవుల నిండా నిశ్శబ్దంతో అడిగాడు ఇంజినీరు.

"ఏ పదును సార్?"

"నా మొదటి పాటలో కేక ఉందే, నువ్వు దాని కోసమే ఈ పనిలోకి వచ్చానంటావు చూడు... అది నాది కాదయ్యా, అక్కది."