అంచుల్లో చుక్కలు

“అక్కా, గంటైంది. లెన్సా, టెలిస్కోపా? తేల్చెయ్!” అన్నాడు తమ్ముడు, కారు తాళాలు గలగలలాడిస్తూ. నెల్లాళ్ళుగా ఆమె కారు నడపడం మానేసి, ప్రతి పనికీ అతన్నే తిప్పుతోంది.

“ఆకాశం ఫొటోలకైతే ఈ చిన్న టెలిస్కోపే మేలమ్మా,” అన్నాడు కెమెరా షాపాయన. “లెన్సులో ఆకాశం ఎక్కువ పడుతుంది గానీ, అంచుల్లో చుక్కలు సాగిపోతాయి.”

“విన్నావుగా? ఇంక నాన్చకు.”

“లెన్సే ఇవ్వండి,” అంది అక్క.

తమ్ముడికి ఒళ్ళు మండింది. “అడిగిందీ నువ్వే, చెప్పింది విననిదీ నువ్వే! పోయినేడాదంతా టెలిస్కోపనే కలవరించావుగా?”

“పోయినేడాది నాకు పక్కలు కనిపించేవిరా.” ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ఇప్పుడు నడిమధ్యే కనిపిస్తోంది, గొట్టంలోంచి చూసినట్టు. ఇంకా తగ్గుతుందన్నాడు కళ్ళ డాక్టరు. ఆకాశమంతా అరచేతిలో పట్టే ఫొటో ఒకటి తీసుకుంటే, మొత్తం ఒకేసారి చూసుకోవచ్చు.”

ఆమె గుమ్మాలకు భుజం కొట్టుకున్నప్పుడల్లా ‘చూసి నడవొచ్చుగా’ అని తను విసుక్కోవడం తమ్ముడికి గుర్తొచ్చింది.

ఇంతసేపూ ఆమె పక్కన నిలబడ్డవాడు, మెల్లగా వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు.