రేకు డబ్బా మనిషి

"బొమ్మల సినిమా ఎట్లుండాది పాపా?" కుప్పంలో మ్యాట్నీ వదలగానే కేబుల్ టీవీ అతను హేమలత ముందు మైకు పెట్టాడు.

"సూపరన్నా! పిల్ల ఏనుగు ఆకలితో ఏడిస్తే నాకూ ఏడుపొచ్చింది. చేన్లో రేకు డబ్బా వాయించే మనిషి బురదలో పడినప్పుడైతే, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వినా."

సాయంత్రం టీవీలో కనబడబోతున్నానని ఏడో తరగతి హేమలత మొహం వెలిగిపోతోంది. మైకు ఆమె తల్లి చిన్నక్క వైపు తిరిగింది.

"నాకు నచ్చలేదప్పా."

"పిల్లోళ్ళ సినిమా కదమ్మా. బాగుండాదని ఒక్క ముక్క చెప్పు, చాలు."

"యాల చెప్పల్ల? మాది రామకుప్పం పక్క. రాగి చేనుకు ఏనుగులొస్తే మేమూ అట్లనే డబ్బా వాయిస్తాం. పోయినేడాది మా ఆయన అట్లనే పరిగెత్తి, పడి, కాలు ఇరగ్గొట్టుకున్నాడు. ఇప్పటికీ కర్ర సాయంతోనే నడస్తాండాడు."

చిన్నక్క గొంతు తగ్గించలేదు.

"ఏనుగుల్ని నేనేమీ అనను. బిడ్డల ఆకలికే వస్తాయి. మేమూ బిడ్డల ఆకలికే అడ్డం నిలబడతాం. వాటి ఆకలికి ఏడవమని, మా ఆకలికి నవ్వమంటే ఎట్లప్పా? ఇది వెయ్యి టీవీలో."

అతను నవ్వేసి కెమెరా ఆపాడు. "ఇదంతా ఎయ్యలేమమ్మా. పాప చెప్పింది చాల్లే, బాగా వచ్చింది."

మైకు వెనక్కి పోకముందే హేమలత దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"అయితే నాదీ వెయ్యొద్దన్నా. నేను ఇందాక నవ్వింది మా నాయన్ని చూసి."