పెద్దచెవిగారి బొటనవేలు

“కాస్త జరగమ్మా, బరువుగా ఉంది,” అంటూ కళ్ళద్దాల షాపాయన రికార్డు ప్లేయర్‌ను ఆసుపత్రి గదిలోకి మోసుకొచ్చాడు. వెనకే బస్సు డ్రైవరు, రెండు చంకల్లోనూ రికార్డులతో.

మంచం పక్కన కూర్చున్న కూతురు లేచి నిలబడింది. “ఇక్కడ ఒప్పుకుంటారో లేదో అండీ.”

“నర్సమ్మనడిగాం. చిన్నగా పెట్టుకోమంది. ప్లగ్గు సంగతి మావాడు చూసుకుంటాడు.”

డ్రైవరు అప్పటికే మంచం కింద దూరాడు. కాసేపు తంటాలు పడి, మోకాళ్ళు దులుపుకుంటూ లేచాడు. ప్లేయర్ మీద ఎర్ర దీపం వెలిగింది.

మంచం మీదున్న పెద్దాయన నలభై ఏళ్ళపాటు వారం వారం పత్రికలో జాజ్ సంగీతం గురించి రాసినవాడు. ఈ ఇద్దరిలాంటి అభిమానులకు ఆయన పెద్దచెవిగారు. ఆయన బాగుందంటే ఊరంతా గాలించి ఆ రికార్డు తెచ్చుకునేవాళ్ళు, బాగాలేదంటే ఇంట్లో ఉన్నదాన్ని అటకెక్కించేవాళ్ళు. “నాలుగు దెబ్బల తాళంలో ఒకటికీ మూడుకీ చప్పట్లు కొట్టేవాడు కవాతుకు పనికొస్తాడు. రెండుకీ నాలుగుకీ కొట్టేవాడే మనవాడు” అని ఎప్పుడో రాసిన మాట వాళ్ళకు వేదవాక్కు.

వారం కిందట పక్షవాతం వచ్చి ఆయన మాట పోయింది. ఒళ్ళు కదలడం లేదు. కుడిచేతి బొటనవేలు ఒక్కటే మిగిలింది. ఆ పొద్దున్నే నర్సు ఆయన గుప్పిట్లో బెల్లు బటన్ పెట్టి, నొక్కించి చూసింది. వరండాలో బెల్లు గణగణా మోగింది.

“నొప్పొచ్చినా, ఊపిరాడకపోయినా ఇది నొక్కండి. పరిగెత్తుకొస్తాం,” అని చెప్పి చేతిమీద దుప్పటి కప్పి వెళ్ళింది.

అదే మాట కూతురు ఆయన చెవిలో పదిసార్లు చెప్పింది. రైలు టికెట్ల కౌంటర్లో పనిచేసే ఆమెకు సెలవులైపోయాయి. తను లేని వేళ నాన్న నొప్పితో ఒంటరిగా పడి ఉండకూడదు. ఆమె దిగులంతా అదొక్కటే.

“నువ్వు నిశ్చింతగా డ్యూటీకి పోమ్మా. మేం వంతులేసుకుని ఉంటాం,” అన్నాడు షాపాయన.

రికార్డు తిరిగింది. నాలుగు నిమిషాలు గడవకుండానే దుప్పటి అంచు కదిలింది.

“బొటనవేలు, అన్నా,” అన్నాడు డ్రైవరు గుసగుసగా. “చూడు, కొడుతున్నారు.”

ఇద్దరూ దుప్పటి మీదికి వంగారు. షాపాయన వేళ్ళమీద లెక్కపెట్టాడు. “రెండుకీ... నాలుగుకీ.”

“నొప్పేమో అండీ,” అంది కూతురు.

“నొప్పయితే బెల్లు మోగదా అమ్మా?”

అదీ నిజమే. వరండా నిశ్శబ్దంగా ఉంది. ఆమెకు సంగీతం తెలియదు. చిన్నప్పటినుంచీ ఆ ఇంట్లో తనకొక్కదానికే తెలియని విషయం అది. తెలిసినవాళ్ళ ముందు నోరెత్తడం ఆమెకు అలవాటు లేదు.

మర్నాడు సాయంత్రం ఆమె వచ్చేసరికి షాపాయన ఒళ్ళో నోటుపుస్తకం ఉంది. ఏ రికార్డుకు నాన్న ఎన్నిసార్లు వేలు కదిపాడో గీతలు గీసి పెట్టాడు. ఇది పెద్దచెవిగారి చివరి సమీక్షట.

“తాళానికి వెనకబడుతున్నారన్నా,” అన్నాడు డ్రైవరు.

“వెనకబడటం కాదురా. కావాలనే ఆగి కొడుతున్నారు. అది పెద్దవాళ్ళ పద్ధతి.”

నాన్న చూపు కూతురి మీద నిలిచింది. కళ్ళ చివర తడి. ఆమె దగ్గరికెళ్ళి, “ఏమైనా కావాలా నాన్నా?” అంది. వేలు గబగబా కదిలింది.

“కాసేపు ఆపుదామా అండీ?”

షాపాయన ఆపాడు. వేలు మాత్రం ఆగలేదు. “చూశావా? బయట ఆగినా లోపల నడుస్తూనే ఉంది,” అని కళ్ళు తుడుచుకున్నాడు.

మందులివ్వడానికి వచ్చిన నర్సు కూడా మెచ్చుకుంది. “పక్క గదాయన బెల్లుతో మా ప్రాణాలు తోడేస్తున్నాడు. మీ నాన్నగారు నిన్నట్నుంచి ఒక్కసారైనా పిలవలేదు. ఆ పాటలే మందులా పనిచేస్తున్నట్టున్నాయి.”

ఆ మాట విన్నాక కూతురికి ప్రాణం కుదుటపడింది. ఇంటికెళ్ళి వారం తర్వాత మొదటిసారి కడుపునిండా తింది.

మూడో రోజు మధ్యాహ్నం కౌంటర్లో ఉండగా ఫోనొచ్చింది. టికెట్ కోసం చెయ్యి చాపిన మనిషిని అలాగే వదిలేసి పరిగెత్తింది. ఆమె వచ్చేసరికి అంతా అయిపోయింది. అభిమానులిద్దరూ మంచానికి చెరోపక్క నిలబడి ఏడుస్తున్నారు.

“చాలా వేగమైన రికార్డు పెట్టాం తల్లీ,” అన్నాడు షాపాయన. “అంత వేగాన్నీ అందుకున్నారు. కుర్రాళ్ళ వల్ల కూడా కాదది. తర్వాత మెల్లమెల్లగా తగ్గిస్తూ వచ్చి, ఆఖరి స్వరానికి ముందు ఆపేశారు. ఆఖరి స్వరం వినేవాడికి వదిలెయ్యాలని రాశారు కదా. అన్నంత పనీ చేశారు.”

కూతురు నాన్న కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుస్తూనే, ఒంటరిగా పోలేదు, నొప్పితో పోలేదు అనుకుంది. లేచి ఇద్దరికీ దణ్ణం పెట్టింది. “మీరే లేకపోతే ఏమైపోయేవాడో.”

“ఈ పుస్తకం అచ్చు వేయిస్తామమ్మా. నువ్వు సరేనంటే.”

ఆమె తలూపింది.

నర్సు తలుపు దగ్గర మొహమాటంగా నిలబడింది. “ఏమనుకోకండమ్మా. ఆ బెల్లు ఇంకో గదికి కావాలి. మంచం కింద దాని ప్లగ్గు తీసి ఇచ్చేయండి.”

కూతురు దుప్పటి తొలగించింది. బొటనవేలు ఇంకా బటన్‌ను నొక్కిపెట్టే ఉంది. దాన్ని మెల్లగా విడదీసి, బటన్ అందుకుని, మోకాళ్ళ మీద మంచం కిందికి వంగింది. గోడకు ఒకే ఒక్క సాకెట్టు ఉంది.

అందులో ఉన్నది రికార్డు ప్లేయర్ ప్లగ్గు.