చెంచాడు మందు

"తీపి మందు ఉందా, బాబూ?"

బార్ ఓనరు గ్లాసు తుడవడం ఆపి తలెత్తాడు.

నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు, భుజాన గుడ్డ సంచి. సగం కుర్చీలు ఇంకా బల్లల మీదే బోర్లించి ఉన్న మధ్యాహ్నం వేళ, తన సొంతింట్లోకి వచ్చినట్టు వచ్చేసింది ఆ పెద్దావిడ.

"మందుల కొట్టు పక్క వీధిలో ఉందమ్మా."

"ఆ మందు కాదు, ఈ మందే. విస్కీతో తియ్యగా చేస్తారట కదా, అది."

మూల బల్ల దగ్గరున్న దర్జీ కిసుక్కున నవ్వాడు. అతనికి ఇంటికంటే ఈ మూలే ఎక్కువ అలవాటు.

"నవ్వు నాయనా. పళ్లున్నప్పుడే నవ్వుకోవాలి," అంటూ ఆమె స్టూలెక్కి కూర్చుంది.

ఓనరుకి సరదా వేసింది. మూడు సీసాలు తీసి వరసగా పెట్టాడు. సరుకు గురించి అడిగితే చాలు, అతనికి ఎక్కడలేని హుషారూ వస్తుంది.

"ఇది తేనె కలిపింది. చిన్న గ్లాసులో పోసుకుని, ఏమీ కలపకుండా చప్పరించాలి. ఇది మీగడది. ఐసు మీద పోసుకుంటే బాగుంటుంది, వేడి కాఫీలో వేసుకుంటే ఇంకా బాగుంటుంది. ఇదేమో నారింజ తొక్క, లవంగం పడ్డది. సోడా కొడితేనే దీని అందం."

"సోడా, ఐసు, కాఫీ ఏమీ లేకుండా, ఉత్తదే చెంచాతో తాగితే? పొలమారకుండా ఏది దిగుతుంది?"

"చెంచాతో మందు తాగేవాళ్లని నేనింతవరకు చూళ్లేదమ్మా."

"ఇప్పుడు చూద్దువుగాని. ఒక్కోటీ ఓ చుక్క పొయ్యి."

పోశాడు. తేనెది నాలుక మీద వేసుకుని ఆమె మొహం చిట్లించింది.

"ఇది గొంతుకి అతుక్కుంటోంది."

నారింజది మింగి దగ్గింది.

"ఇది మండుతోంది. దీని పొగరుకి సోడానే కరెక్టు."

మీగడది మింగాక మళ్లీ ఇంకో చుక్క పోయించుకుంది.

"ఇదీ దిగేది. పాలలా జారిపోయింది."

"పెద్దావిడ గట్టి పిండమే," అన్నాడు దర్జీ.

"అవును. నీకేమన్నా కష్టంగా ఉందా?"

దర్జీ తన గ్లాసులోకి చూసుకున్నాడు.

ఆమె సంచిలోంచి ఒక ఖాళీ టానిక్కు సీసా తీసింది. "ఇందులో చెంచాడు పొయ్యి. పట్టుకెళ్తాను."

ఆ సీసా చూడగానే ఓనరు మొహం మారిపోయింది.

అలాంటి సీసాల మధ్యే పెరిగాడతను. తండ్రిది మందుల కొట్టు. బార్ పెట్టిన రోజున ఆ పెద్దమనిషి, "రోగం తగ్గించే మందు అమ్మిన ఇంట్లో రోగం తెచ్చే మందు అమ్ముతావా? నా గడప తొక్కకు," అన్నాడు. "నువ్వమ్మేదీ మందే, నేనమ్మేదీ మందే. నా సరుకు బాగుందని నీ నోటితో అన్నరోజే వస్తా," అని కొడుకు బయటికి నడిచాడు. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే. ఆయన అనలేదు, ఇతను వెళ్లలేదు. ఆ ఒక్క మాట కోసం ఓనరు ఏళ్ల తరబడి చెవులు రిక్కించుకుని ఉన్నాడు. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు.

"ఇది బార్, మందుల కొట్టు కాదు. ఇక్కడ గ్లాసులో పోస్తాం. ఇక్కడే తాగాలి."

"తాగాల్సినవాడు ఇక్కడికి రాలేడు."

"ఎవరు పంపారు మిమ్మల్ని? నన్ను ఎగతాళి చేసి రమ్మని మా నాన్న పంపాడా?"

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది.

"పంపితే పోస్తావా?"

"చచ్చినా పొయ్యను."

ఆమె సీసా సంచిలో వేసుకుని స్టూలు దిగింది.

"వెళ్తూ వెళ్తూ తలుపు వేసి వెళ్లండి," అన్నాడు ఓనరు.

ఆమె రెండు రెక్కలూ బార్లా తెరిచి మరీ వెళ్లింది.

మర్నాడు పొద్దున ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. ఓనరు పరుగున వెళ్లేసరికి అంతా అయిపోయి తండ్రి మంచం ఖాళీగా ఉంది. తెల్ల యూనిఫాంలో ఒకామె దుప్పటి మారుస్తోంది.

నిన్నటి ఆవిడే.

"మీరు..."

"ఈ వార్డు నర్సుని. నెలన్నరగా మీ నాన్నకి తిండీ నీళ్లూ అన్నీ నా చేతి మీదే. నా జన్మలో చుక్క ముట్టనిదాన్ని. ఆయనకి ఏది దిగుతుందో తెలియాలని నీ ముందు కూర్చుని మూడు రకాలు తాగాను."

"ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. కొడుకు జాలిపడి పోస్తే వద్దట. అందరికీ అమ్మినట్టు అమ్మితేనే తాగుతాడట."

ఓనరు మంచం కడ్డీ పట్టుకున్నాడు.

"నువ్వు పొయ్యలేదని ఆయనకి చెప్పలేదులే," అంది నర్సు. "వార్డులో ఉన్న దగ్గు మందే చెంచాడు పోసి, మీ వాడి బార్‌దే అన్నాను. అబద్ధమే. ఎవరొచ్చి నిలదీసినా మళ్లీ అదే అబద్ధం ఆడతాను. మింగాడు. మావాడి సరుకు బాగుంది, వాడితో చెప్పు అన్నాడు."

అన్నాళ్లూ వినాలనుకున్న మాట అది. ఓనరు వార్డంతా చూస్తుండగానే ఏడ్చాడు.

ఏడుస్తూనే ఆగిపోయాడు.

"బతుకంతా దగ్గు మందులు అమ్మినవాడమ్మా మా నాన్న. మూత తియ్యగానే పేరు చెప్పేసేవాడు. ఆయనకి తెలీదా?"

నర్సు దుప్పటి అంచు పరుపు కిందికి దోపింది.

"తెలీకేం. నన్ను చూసి నవ్వి, ఇంకో చెంచాడు పొయ్యమన్నాడు."