కోటలో మిగిలినవాళ్ళు

"అయితే వాళ్ళ అమ్మల్ని కూడా చంపారా, మాస్టారూ?"

ఉపన్యాసం అయిపోయింది. చప్పట్లు కొట్టినవాళ్ళు మెట్లు దిగిపోయారు. లైబ్రరీ హాల్లో కుర్చీలు మడుస్తున్న చప్పుడు మధ్య ఆ ప్రశ్న వినబడి చరిత్ర మాస్టారు వెనక్కి తిరిగారు. తలుపు పక్క ఆఖరి కుర్చీలో యాభై దాటిన ఒకావిడ కూర్చుని ఉంది.

"చంపారమ్మా. ఉయ్యాల్లో పిల్లల్ని కూడా వదలొద్దని మంగోలు సేనలకు ఆజ్ఞ. అందుకే ఏడొందల ఏళ్ళ కిందట పర్షియా కొండకోటల్లోంచి హంతకుల్ని పంపేవాళ్ళ పీడ విరగడైంది. మనం చేయాల్సిందీ అదే. ఉగ్రవాది ఒక్కణ్ణి పట్టుకుంటే చాలదు. వాడి ఇల్లు కూల్చాలి, ఇంటిల్లిపాదినీ ఊరు దాటించాలి. పామును చంపి పుట్టను వదిలేస్తే ఎలా?"

ఆవిడ తల ఊపింది. ఒప్పుకుందో, విన్నానని మాత్రమే చెప్పిందో తెలియలేదు.

బస్‌స్టాపు దాకా ఇద్దరిదీ ఒకటే దారి. ఆవిడ బట్టలు కుడుతుందట. ఒక్కతే ఉంటుందట.

"మా అబ్బాయి పోయాడు," అంది నడుస్తూ నడుస్తూ. "నిరుడు బస్టాండులో బాంబు పేలిందే, అప్పుడు."

మాస్టారు ఆగిపోయారు.

"మా ఆవిడ పోయిందీ అక్కడే."

పేలుడు తర్వాత మాస్టారు టీవీ పెట్టలేదు, పేపరు ముట్టుకోలేదు. పాత యుద్ధాల పుస్తకాల్లో దూరారు. అక్కడ శత్రువులు పేజీ తిప్పేలోగా నాశనమైపోతారు. అదో ఊరట. భార్య ఉన్న రోజుల్లో ఆయన ఏం రాసి చదివినా, వంటగదిలోంచే "అదేం కాదు" అని మొదలుపెట్టేది. ఇప్పుడు కాదనే మనిషి లేక ఆయన అన్నదల్లా నిజమైపోతోంది. గోడలు ఎదురు చెప్పవు కదా. సభలవాళ్ళు పిలుస్తున్నారు. ఉగ్రవాదుల కుటుంబాల మీద కొత్త చట్టం తేవాలని చూస్తున్న ప్రభుత్వ కమిటీ కూడా, చరిత్ర ఏమంటుందో వచ్చి చెప్పమంది.

తర్వాతి ఉపన్యాసానికీ ఆవిడ వచ్చింది. ఆ తర్వాతి దానికీ వచ్చింది. ఎప్పుడూ ఆ తలుపు పక్క కుర్చీయే. అయ్యాక బస్‌స్టాపు దాకా నడక. మాస్టారుకు ఉపన్యాసం కంటే ఆ నడకే బాగుండేది.

"మీ ఇంటికి ఎవరూ రారా, చెల్లెమ్మా?"

"మొదట్లో చుట్టాలొచ్చారు. ఇప్పుడు ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోతారు. బట్టలిచ్చేవాళ్ళూ మానేశారు."

"చావు చూసిన ఇల్లంటే జనానికి భయం. ఓదార్చడం చేతకాక తప్పుకుంటారు. నా దగ్గరా అంతే."

"గట్టిగా ఏడుద్దామన్నా భయమే మాస్టారూ. పక్కింటికి వినపడుతుందని కుళాయి తిప్పుకుని ఏడుస్తాను."

అభిమానం గల మనిషి అనుకున్నారు మాస్టారు. "బస్టాండులో పోయినవాళ్ళ సంతాప సభలో మిమ్మల్ని చూసినట్టు లేదే?"

"నన్నెవరు పిలుస్తారు?"

ఆయనకు ఒళ్ళు మండింది. కడుపుకోత పడ్డ తల్లిని పిలవడం మరిచిపోయేవాళ్ళు ఏం అధికారులు!

కమిటీ ముందుకు వెళ్ళే ముందురోజు బస్సు ఆలస్యమైంది. స్టాపులో ఇద్దరే ఉన్నారు.

"ఆ కొండకోటల్లో అందర్నీ చంపేశాక, ఇంకెవరూ మిగల్లేదా?" అడిగింది ఆవిడ.

"మిగిలారు. ఇరవై ఏళ్ళు తిరక్కుండానే వాళ్ళ పెద్దకోటను మళ్ళీ పట్టుకున్నారు. కొద్దికాలమే అనుకోండి."

"ఈ సంగతి హాల్లో చెప్పలేదే?"

"చెబితే చప్పట్లు రావు."

"మరి లొంగిపోయినవాళ్ళను?"

"వాళ్ళనీ చంపారు."

"అలాగైతే ఆ తర్వాత ఎవరు లొంగుతారు మాస్టారూ?"

మాస్టారు ఉలిక్కిపడ్డారు. ఆ మాట అచ్చం తన వంటగదిలోంచి వచ్చినట్టే ఉంది. బస్సు వచ్చింది, ఆవిడ ఎక్కింది. ఆయన ఎక్కడం మరిచిపోయారు.

మర్నాడు కమిటీ గదిలో అధ్యక్షులుగా ఉన్న జడ్జిగారు నవ్వుతూ పలకరించారు. "చరిత్ర మన పక్షమే అన్నారట కదా?"

"సగమే చెప్పానండీ. మిగతా సగం చెప్పడానికి వచ్చాను. ఆ దండెత్తినవాళ్ళకు కావలసింది నేల. దాని మీద మనుషులు ఉన్నా లేకపోయినా ఒకటే. మనకి మనుషులు కావాలి. కొడుకు దారి తప్పాడని పోలీసుల కంటే ముందు పసిగట్టేది కన్నతల్లి. నోరు విప్పితే తన ఇల్లే కూలుతుందంటే ఆవిడ విప్పుతుందా? ఆ ఒక్కదారీ మనమే మూసుకుంటాం."

"భార్యను పోగొట్టుకున్న మీరేనా ఈ మాట అంటున్నది?"

"ఆవిడ ఉంటే ఇదే అనేది."

ఇళ్ళు కూల్చి కుటుంబాలను వెళ్ళగొట్టే సెక్షన్‌ను కమిటీ పక్కన పెట్టింది. తిట్టినవాళ్ళు తిట్టారు, సభలకు పిలవడం మానినవాళ్ళు మానారు. మాస్టారు మాత్రం ఆ నిర్ణయం తెలిసిన సాయంత్రమే చిన్నపిల్లాడిలా బస్‌స్టాపుకు పరుగెత్తారు. విషయం విని ఆవిడ బెంచీ మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చుట్టూ జనం ఉన్నారన్న జంకు కూడా లేదు.

"ఊరుకోండి చెల్లెమ్మా. ఇదంతా మీ చలవే. అన్నట్టు, బస్టాండులో పోయినవాళ్ళ పేర్లు చెక్కించి రాయి నిలబెడుతున్నారు. మీవాడి పేరు చెప్పండి, దగ్గరుండి చెక్కిస్తాను. మా ఆవిడ పేరు పక్కనే."

ఆవిడ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. రెండు చేతులూ జోడించింది.

"వద్దు మాస్టారూ."

"ఎందుకు వద్దు? వాడూ అక్కడే పోయాడు కదమ్మా!"

ఇన్నాళ్ళలో మొదటిసారి ఆవిడ ఆయన కళ్ళలోకి సూటిగా చూసింది.

"ఆ బాంబు పెట్టింది వాడే."