పేరయ్య పంచె

"పేరయ్య తాలూకు ఎవరండీ?"

నర్సు తెరేసమ్మ అద్దాల గది తలుపు తీసి కేకేసింది. పోలేరమ్మ గబుక్కున లేచింది. ఆ పేరు వింటే చాలు, ఆమె చెయ్యి పైట సర్దుకుంటుంది. తను మాత్రం పెళ్ళినాటి నుంచీ ఆ పేరు పలికి ఎరగదు. ఆస్పత్రిలో రాయించింది కూడా కొడుకు మణికుమారే.

"ఒక్కరే రండి. చేతులు కడుక్కోండి. ముట్టుకోవద్దు," అంది తెరేసమ్మ.

ముట్టుకోకూడనప్పుడు చేతులు కడగడం ఎందుకో పోలేరమ్మకు అర్థం కాలేదు. అయినా మోచేతుల దాకా కడుక్కుంది.

ఊపిరాడక నీలంగా మారిన ఒంటిని బందరులో అంబులెన్సు ఎక్కించి, కంకిపాడు దాటి, బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో నిమిషమొక యుగంగా గడిపి ఇక్కడికి తెచ్చారు. ఇవాళ్టికి నాలుగో రోజు. కోడలు సాయిశ్రీ లేచి నడిచే స్థితిలో లేదు. కింది అంతస్తులో పడుకుని ఏడుస్తోంది. మణికుమార్ పైకీ కిందికీ తిరుగుతూ సగమైపోయాడు.

డాక్టర్ సిద్ధార్థ మొదటి రోజే చెప్పాడు.

"ఊపిరి అందని ఆ కాసేపట్లో మెదడు దెబ్బతిందండీ. అందుకే ఒంటిని చల్లబరిచి నిద్రపుచ్చుతున్నాం. ఎలుగుబంటి చలికాలమంతా గుహలో పడుకుంటుంది చూడండి, అలాగన్నమాట. ఒళ్ళు చల్లగా ఉంటే మెదడు కొంచెంతోనే సరిపెట్టుకుంటుంది. దెబ్బ ముదరదు."

"మళ్ళీ లెగుస్తారా బాబూ?"

"లేపడమే కష్టం. మెల్లగా, కొంచెం కొంచెంగా వెచ్చబెట్టాలి. తొందరపడితే ఫిట్స్ రావచ్చు, గుండె ఆగినా ఆగొచ్చు. లేచాక చూపు, మాట, నడక ఎలా ఉంటాయో ఇప్పుడే చెప్పలేం."

బందరు తీరంలో ఎలుగుబంట్లు ఎక్కడున్నాయి? పోలేరమ్మకు తెలిసిన చలి ఒక్కటే, ఐసు. పడవ అడుగున ఐసు పెట్టెలోకి దిగిందేదీ ఈదుకుంటూ పైకి రాలేదు. పోయిన కార్తీకంలో పడవ ఒడ్డుకు చేరాక ఆ పెట్టెలోంచి పైకి తీసినది ఆమె కళ్ళలోంచి ఇంకా చెరగలేదు. చలి ప్రాణం నిలబెడుతుందంటే అలాంటి మనిషికి ఎలా మింగుడుపడుతుంది?

లోపల పేరయ్య కదలకుండా ఉన్నాడు. పరుపులో చల్లటి నీళ్ళు తిరుగుతున్నాయి. ఒంటినిండా తీగలు, నోట్లో గొట్టం. పల్చటి జుట్టు. నుదుటిమీద ముడతలు. పళ్ళులేని నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అదే ముక్కు. అవే చెవులు.

"మావా," అంది పోలేరమ్మ మెల్లగా. "మళ్ళీ నన్నొదిలి పోమాకయ్యా."

పక్క పేషెంటు దగ్గర ఏదో మోగితే తెరేసమ్మ అటు వెళ్ళింది.

అంతే. పోలేరమ్మ సంచిలోంచి పేరయ్య పాత పంచె తీసింది. ఉతికి ఉతికి మెత్తబడిన పంచె. వాళ్ళ ఇళ్ళలో ఇలాంటప్పుడు కొత్త బట్ట ఒంటికి తగలనివ్వరు. పాతదే ఆనవాయితీ. మడత మీద మడత వేసి పాదాల నుంచి మెడదాకా కప్పేసింది. అరచేతులు రుద్దుకుని పంచె మీద ఆనించింది. తీసి, మళ్ళీ రుద్దుకుని ఆనించింది. ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది.

ఉన్నట్టుండి మానిటర్ కీచుమంది.

తెరేసమ్మ పరుగెత్తుకొచ్చింది. వెనకాలే సిద్ధార్థ. పంచె లాగి అవతల పడేశాడు.

"ఎవరు కప్పమన్నారమ్మా మిమ్మల్ని? ఒక్కసారిగా వేడెక్కితే ప్రాణం మీదికొస్తుందని చెప్పానా లేదా?"

పేరయ్య ఎడమ చెయ్యి గడగడా కొట్టుకుంది. పెదవి ఒక పక్కకు లాగేసింది.

"ఫిట్స్! ఇంజెక్షన్ తెండి. ఈవిణ్ణి బయటికి పంపండి!"

పోలేరమ్మ బయటికొచ్చి గోడ పక్కన కూర్చుంది. ఐసు సంగతి సరే, తన చేతులే ప్రాణం తీసేలా ఉన్నాయి.

"ఎందుకట్టా చేశావే అమ్మా?" అన్నాడు సంగతి విని పైకొచ్చిన మణికుమార్.

"చలేస్తందేమోనని రా," అంది. కొడుకు నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది. సాయిశ్రీకి ఈ సంగతి ఏ మొహంతో చెప్పాలి?

పొద్దు వాలింది. తలుపు తెరుచుకుంది.

"ఇద్దర్నీ రమ్మంటున్నారు," అంది తెరేసమ్మ. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

సిద్ధార్థ గొంతు తగ్గించి మాట్లాడాడు. "ఫిట్స్ ఆగాయి. ఒళ్ళు వెచ్చబడింది. గొట్టం తీసేశాం, ఊపిరి సొంతంగానే ఆడుతోంది. కానీ ఉలుకూ పలుకూ లేదు. ఇప్పుడు ముట్టుకోవచ్చు. పేరు పెట్టి పిలిచి చూడండి."

పంచె తనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కప్పింది.

మణికుమార్ నోరు తెరిచాడు. ఏడుపు తప్ప ఏమీ రాలేదు.

"మావా," అంది పోలేరమ్మ. "మావా, నేనయ్యా."

రెప్ప కూడా కదల్లేదు.

ఆమె ఆ ముఖం మీదికి వంగింది. మనసులో ఎవరికో దణ్ణం పెట్టుకుంది, తప్పు కాయమని. ఇన్నేళ్ళూ నోటిలో దాచుకున్న పేరు గొంతుదాకా వచ్చింది. వేలితో అరికాలు మీద ఒక్కటి తట్టింది.

"ఒరే పేరయ్యా! లెగరా!"

మణికుమార్ ఉలిక్కిపడి తల్లివంక చూశాడు.

పుట్టి నాలుగు రోజులైనా ఇంతవరకూ ఏడవని ఆమె మనవడు, పోయిన కార్తీకంలో కన్నుమూసిన తాత పంచెను కాళ్ళతో తన్నేసి, కేరుమన్నాడు.